పెట్రోల్ కారు, ఈవీ: ఏది ఎంత ఎనర్జీ తాగుతుందో మీరే లెక్కేస్కోండి ఇలా

కారు కొనాలనుకునే ప్రతి ఇంట్లో ఇప్పుడు ఇదే చర్చ నడుస్తోంది. ఒకరు ఈవీ, అంటే కరెంటుతో నడిచే కారు తీస్కో కిలోమీటరుకి రూపాయిన్నరే పడుతుంది అంటారు, ఇంకొకరు ఆ కరెంటు కూడా బొగ్గు కాల్చే తెస్తున్నారు కదా ఇంక ఒరిగేదేముంది అంటారు, మూడో ఆయన మా పెట్రోల్ బండి లీటరుకి 18 ఇస్తుంది అది చాలు అంటాడు. గమనించారా, ముగ్గురూ మాట్లాడేది మూడు వేరే వేరే విషయాలు, మొదటిది ఖర్చు, రెండోది పొగ, మూడోది మైలేజీ. వీటిని కలిపేసి వాదించుకుంటే తెల్లారినా తేలదు. అసలు తేల్చుకోవాల్సింది ఒకటే, 100 కిలోమీటర్లు పోవడానికి ఏ బండి ఎంత ఎనర్జీ వాడుకుంటోంది, అది ఎక్కడ కొలుస్తున్నాం. ఇది చేతిలో ఉంటే ఖర్చు, పొగ రెండూ దాని మీద ఒక్కో గుణకారం అంతే. దీనికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు, ఫోన్లో కాలిక్యులేటర్ ఉంటే చాలు.

ముందు రెండిటికీ ఒకే కొలత

పెట్రోల్ లీటర్లలో వస్తుంది, కరెంటు యూనిట్లలో వస్తుంది, అందుకే పోల్చడం కష్టంగా అనిపిస్తుంది. కానీ మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్ అంటేనే ఒక కిలోవాట్ అవర్, అది ఎనర్జీ కొలతే, పెట్రోల్లో ఉన్న ఎనర్జీని కూడా అదే యూనిట్లలో చెప్పేయొచ్చు. మామూలు పెట్రోల్ ఒక లీటర్లో సుమారు 8.9 యూనిట్ల ఎనర్జీ ఉంటుంది. అమెరికాలో ప్రభుత్వం కార్ల మీద వేసే స్టిక్కర్ కూడా ఈ లెక్క మీదే నడుస్తుంది, వాళ్లు ఒక గ్యాలన్ అంటే 33.7 యూనిట్లు అని పెట్టుకున్నారు, గ్యాలన్ అంటే 3.785 లీటర్లు, భాగించి చూడండి 8.9 వస్తుంది.

అయితే మన దగ్గర ఇప్పుడు బంకుల్లో పోసేది ఎక్కువగా ఈ20, అంటే అందులో 20 శాతం ఇథనాల్. ఇథనాల్లో ఎనర్జీ పెట్రోల్లో మూడింట రెండొంతులే, లీటరుకి 6 యూనిట్ల లోపే. కలిపి చూస్తే ఈ20 లీటరుకి సుమారు 8.3 యూనిట్లు పడుతుంది. అంటే మామూలు పెట్రోల్ కంటే లీటరుకి 7 శాతం దాకా తక్కువ సరుకు. మైలేజీ అచ్చంగా అంతే పడిపోతుందని కాదు, ఇథనాల్‌కి ఆక్టేన్ (ఇంజన్లో ఎంత నొక్కినా ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం) ఎక్కువ కాబట్టి దానికి తగ్గట్టు ట్యూన్ చేసిన ఇంజన్లు కొంత వెనక్కి రాబట్టుకుంటాయి, కానీ మైలేజీ కాస్త తగ్గింది అని జనాలు అంటున్నదానికి ఫిజిక్స్‌లో కారణం ఉంది, వాళ్ల భ్రమ కాదు. మన లెక్కలకి 8.3 వాడదాం.

బ్రోచర్ నంబర్లు పక్కన పెట్టండి

పోల్చేటప్పుడు చాలామంది చేసే పని ఒక చిన్న హ్యాచ్‌బ్యాక్ పెట్రోల్ మైలేజీని ఒక పెద్ద ఎస్‌యూవీ ఈవీతో పోల్చడం, లేదా దానికి రివర్స్. సైజు, బరువు, ఎత్తు వేరైతే పోలికకి అర్థమే ఉండదు. మన దగ్గర అదృష్టం ఏంటంటే ఒకే బండి రెండు రకాలుగా దొరుకుతోంది, టాటా నెక్సాన్ ఉంది, పంచ్ ఉంది, టియాగో ఉంది, హ్యుందాయ్ క్రెటా ఉంది. నేను నెక్సాన్ తీసుకుంటా ఎందుకంటే రోడ్ల మీద రెండూ బోలెడు కనిపిస్తాయి, మీ చుట్టాల్లోనో ఆఫీసులోనో అడిగి చూసుకోవచ్చు.

నెక్సాన్ పెట్రోల్ మాన్యువల్‌కి కంపెనీ చెప్పిన మైలేజీ లీటరుకి 17.44 కిలోమీటర్లు. నెక్సాన్ ఈవీ 45 యూనిట్ల బ్యాటరీకి చెప్పిన రేంజ్ 489 కిలోమీటర్లు. ఈ రెండూ ల్యాబులో రోలర్ల మీద తిప్పి తీసిన నంబర్లు, ఆ టెస్టులో ఏసీ వేయరు, స్పీడు గంటకి 90 దాటదు. ఈవీ నంబర్లో ఇంకో తిరకాసు ఉంది. బ్యాటరీ సైజుని రేంజ్‌తో భాగిస్తే 100 కిలోమీటర్లకి 9.2 యూనిట్లు అని వస్తుంది, చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, కానీ అందులో చార్జింగ్ చేసేటప్పుడు పోయే కరెంటు లేదు. గోడలో ప్లగ్గు నుంచి 10 యూనిట్లు లాగితే బ్యాటరీలో దిగేది 9 దాకానే, మిగతాది చార్జర్లో, వైర్లలో, బ్యాటరీలో వేడిగా పోతుంది. మీటర్ మాత్రం 10 కీ తిరుగుతుంది, బిల్లు కట్టేది మీరే.

టాటా వాళ్లు సీ75 అని ఇంకో నంబర్ కూడా ఇస్తారు, అంటే 75 శాతం కస్టమర్లకి వచ్చే రేంజ్, ఈ 45 బ్యాటరీకి అది 350 నుంచి 370. నిజానికి దగ్గరగా ఉండేది ఇదే. దీన్ని పట్టుకుంటే బ్యాటరీ నుంచి 100 కిలోమీటర్లకి 12.5 చుట్టూ వస్తుంది, ఏసీ, హైవే కొంచెం కలుపుకుని 13 అనుకుందాం.

పెట్రోల్ బండి కొలవడం

డాష్‌బోర్డ్ మీద చూపించే యావరేజీ నమ్మకండి, అది చాలా బళ్లలో కొంచెం ఎక్కువే చూపిస్తుంది. ట్యాంకు టు ట్యాంకు పద్ధతి ఒక్కటే సరైంది. బంకులో గన్ను దానంతటదే ఆగేవరకు ఫుల్ కొట్టించండి, ఆగాక ఇంకొంచెం ఇంకొంచెం అని పై దాకా నింపించకండి, ట్రిప్ మీటర్ సున్నా చేయండి, మామూలుగా మీరు ఎలా తిరుగుతారో అలాగే కనీసం 300 కిలోమీటర్లు తిరగండి, మళ్లీ అదే బంకు, వీలైతే అదే పంపు, మళ్లీ గన్ను ఆగేవరకు. రెండోసారి పట్టిన లీటర్లే మీరు వాడింది. 100ని మైలేజీతో భాగిస్తే 100 కిలోమీటర్లకి ఎన్ని లీటర్లో వస్తుంది, దాన్ని 8.3 తో గుణించండి, యూనిట్లు వచ్చేస్తాయి.

ఒకసారి కొలిచి అదే ఫైనల్ అనుకోవద్దు, గన్ను ఒక్కోసారి ముందే ఆగుతుంది, లీటరు అటూ ఇటూ అవుతుంది, మూడు నాలుగు ట్యాంకులు కలిపి యావరేజీ తీస్తే ఆ తేడా కొట్టుకుపోతుంది. టైర్లలో గాలి మాత్రం ముందే సరిచూస్కోండి, గాలి తక్కువున్న టైరు రెండు రకాల బళ్లనీ ఒకేలా తినేస్తుంది కానీ మీరు పోల్చే రెండు బళ్లలో ఒకదాంట్లోనే తక్కువుంటే లెక్క తప్పుతుంది.

ఈవీ కొలవడం

ఇక్కడ జనం ఎక్కువగా స్క్రీన్ మీద కనిపించే వాట్ అవర్ పర్ కిలోమీటర్ చూసి చెప్పేస్తారు. అది బ్యాటరీ నుంచి బయటికి పోయింది మాత్రమే. పెట్రోల్ బండిని బంకు దగ్గర కొలిచాం కదా, అలాగే ఈవీని కూడా ప్లగ్గు దగ్గరే కొలవాలి, అప్పుడే న్యాయం. ఇంట్లో చార్జింగ్ పాయింటుకి ముందు ఒక చిన్న సబ్ మీటర్ పెట్టించండి, ఎలక్ట్రీషియన్‌కి చెప్తే పెట్టేస్తాడు, పెద్ద ఖర్చు కాదు. అద్దె ఇళ్లలో పోర్షన్‌కి ఒకటి పెడతారు చూశారా, అదే మీటర్. ఇంట్లో ఫ్రిజ్జు, ఏసీ వాడకం ఇందులో కలవకుండా ఉంటుంది.

100 శాతం దాకా చార్జ్ చేయండి, సబ్ మీటర్ రీడింగ్, ఓడోమీటర్ రీడింగ్ రెండూ ఫొటో తీస్కోండి, ఒక నెల తిరగండి, మళ్లీ 100 శాతం చేసి రెండు ఫొటోలు. యూనిట్ల తేడాని కిలోమీటర్ల తేడాతో భాగించి 100 తో గుణించడమే. నెల మధ్యలో బయట ఫాస్ట్ చార్జర్ దగ్గర పెడితే ఆ బిల్లులో ఉన్న యూనిట్లు కూడా కలపాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. మొదలు, చివర రెండుసార్లూ 100 శాతమే ఎందుకంటున్నానంటే ఎల్‌ఎఫ్‌పీ (చాలా ఈవీల్లో వాడే ఒక రకం లిథియం) బ్యాటరీల్లో మధ్యలో వోల్టేజీ దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి 40 శాతం, 55 శాతం అని చూపించేది బండి వేసే అంచనానే, నిండుగా చార్జ్ చేసినప్పుడే అది కచ్చితంగా సర్దుకుంటుంది.

ఇంకో చిన్న విషయం, 15 ఆంప్స్ సాకెట్‌లో రాత్రంతా పెడితే వాల్‌బాక్స్ (గోడకి బిగించే, త్వరగా ఎక్కించే ఇంటి చార్జర్) కంటే నష్టం శాతం కొంచెం ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే చార్జ్ అవుతున్నంతసేపూ బండిలో ఎలక్ట్రానిక్స్ మెలకువగానే ఉంటాయి, ఎక్కువ గంటలు పడితే అవి తినేది కూడా ఎక్కువే. 10 నుంచి 15 శాతం మధ్య నష్టం అనేది మామూలే, కంగారు పడక్కర్లేదు. 20 దాటిందంటే మాత్రం వైరింగ్ ఒకసారి చూపించండి, ప్లగ్గు పట్టుకుంటే కాలుతుంటే అది ఎఫిషియెన్సీ సమస్య కాదు సేఫ్టీ సమస్య, వెంటనే ఆపేయండి.

ఇప్పుడు పక్కపక్కన పెడదాం

సిటీ, హైవే కలిపి తిరిగే వాళ్లకి నెక్సాన్ పెట్రోల్ 13 ఇస్తుంది అనుకుందాం. 100 కిలోమీటర్లకి 7.7 లీటర్లు, 8.3 తో గుణిస్తే 64 యూనిట్లు. ఈవీ బ్యాటరీ నుంచి 13, చార్జింగ్ నష్టం కలిపితే ప్లగ్గు దగ్గర 15 యూనిట్లు. 64కి 15, అంటే నాలుగింతలు పైనే.

కానీ ఈ నాలుగింతలు అనేది అన్ని చోట్లా ఒకటే కాదు, ఇదే నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది. హైదరాబాద్‌లో ఎస్‌ఆర్ నగర్, అమీర్‌పేట, పంజాగుట్ట అని ట్రాఫిక్‌లో తిరిగేవాళ్లకి ఇదే పెట్రోల్ బండి 10 ఇస్తే గొప్ప, అంటే 83 యూనిట్లు, ఈవీ అక్కడ ప్లగ్గు దగ్గర 14 తో సరిపెట్టుకుంటుంది, తేడా ఆరింతలకి దగ్గర. అదే ఓఆర్‌ఆర్ (ఊరి చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి 100 స్పీడులో ఆగకుండా పోతే పెట్రోల్ 17 ఇస్తుంది, 49 యూనిట్లు, ఈవీ అక్కడ 18, 19 లాగుతుంది, తేడా రెండున్నర ఇంతలకి దిగిపోయింది. పెట్రోల్ బండి హైవే మీద మెరుగవుతుంది, ఈవీ హైవే మీద దిగజారుతుంది, రెండూ ఎదురెదురు దిక్కుల్లో నడుస్తాయి. అందుకే విజయవాడ హైవే మీద ఈవీ ఓనర్, సికింద్రాబాద్ సందుల్లో ఈవీ ఓనర్ ఇద్దరూ తమ బండి గురించి చెప్పేది కలవదు, ఇద్దరూ నిజమే చెప్తున్నారు. వేరేవాళ్ల నంబర్ విని నిర్ణయం తీస్కోకండి అని నేను అనేది కూడా అందుకే, మీ రూటు ఏంటో దాన్ని బట్టే మీ లెక్క.

ఎందుకిలా అవుతుంది

పెట్రోల్ ఇంజను వేడితో నడిచే మిషను, వేడిలో కొంత భాగాన్నే కదలికగా మార్చగలదు, మిగతాది రేడియేటర్ నుంచి, సైలెన్సర్ నుంచి బయటికి పోవాల్సిందే, ఇది ఏ కంపెనీ తప్పూ కాదు. ప్రపంచంలో బాగా చేసిన పెట్రోల్ ఇంజన్లు, టొయోటా వాళ్లవి, అన్నీ కలిసొచ్చిన ఒక్క పాయింటులో 40 శాతం దాకా వెళ్తాయి. కానీ ఆ పాయింటులో బండి నడిచేది చాలా తక్కువ. సిటీలో ఇంజను తన బలంలో పదో వంతు కూడా వాడకుండా నడుస్తుంటుంది, అలా తక్కువ లోడులో నడిపించినప్పుడే దాని ఎఫిషియెన్సీ బాగా పడిపోతుంది. అమెరికా ప్రభుత్వం వేసిన లెక్కలో పెట్రోల్ ఎనర్జీలో చక్రాల దాకా చేరేది 16 నుంచి 25 శాతమే, ఈవీలో బ్రేకు కొట్టినప్పుడు వెనక్కొచ్చేది కూడా కలిపితే 87 నుంచి 91 శాతం. మోటారులో ముందు వేడి పుట్టించి దాన్ని కదలికగా మార్చే మెట్టు లేదు, తక్కువ లోడులో కూడా దాని ఎఫిషియెన్సీ ఇంజనులా పడిపోదు.

బ్రేకుల సంగతి లెక్కేసి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1500 కిలోల బండి 50 స్పీడులో ఉంటే దాని కదలికలో ఉన్న ఎనర్జీ 0.04 యూనిట్. చిన్నదే అనిపిస్తుంది, కానీ సిటీలో 25 సార్లు అలా 50 నుంచి సున్నాకి ఆగితే ఒక యూనిట్ బ్రేకు ప్యాడ్లలో వేడైపోయింది. ఆ ఒక్క యూనిట్ పుట్టించడానికి పెట్రోల్ ఇంజను నాలుగైదు యూనిట్ల పెట్రోల్ కాల్చి ఉంటుంది, అంటే సుమారు అర లీటరు. ఈవీ అందులో సగానికి పైగా మోటారునే జనరేటర్‌గా తిప్పి బ్యాటరీలోకి వెనక్కి పంపిస్తుంది.

ఇది బాగా తెలియాలంటే తిరుమల ఘాట్ రోడ్డు చూడండి. కింద నుంచి పైకి సుమారు 700 మీటర్లు ఎక్కుతాం, మనుషులతో, సామానుతో కలిపి బండి 1800 కిలోలు అనుకుంటే ఆ ఎత్తుకి తీసుకెళ్లడానికే 3.4 యూనిట్లు కావాలి, రోడ్డు రాపిడికీ గాలికీ అయ్యేది వేరే. పెట్రోల్ బండి అది ఖర్చు పెట్టేసి పైకి చేరుతుంది, దిగేటప్పుడు గేర్లో వదిలితే ఇంజనుకి పెట్రోల్ ఆగిపోతుంది కాబట్టి కొత్తగా ఖర్చేమీ లేదు, కానీ పైకి మోసిన ఆ 3.4 లో చుక్క కూడా వెనక్కి రాదు. ఈవీ ఎక్కేటప్పుడు చార్జింగ్ గబగబా పడిపోతుంది, కొత్తగా కొన్నవాళ్లు భయపడేది అక్కడే, కానీ దిగేటప్పుడు పర్సంటేజీ పెరుగుతూ వస్తుంది, రెండు యూనిట్ల దాకా వెనక్కి రావచ్చు. ఒక్క జాగ్రత్త, కొండ మీద 100 శాతం చార్జ్ చేసి దిగకండి, నిండిన బ్యాటరీలోకి ఇంక ఎక్కడ పడుతుంది, రీజెన్ (మోటారు జనరేటర్‌గా తిరిగి కరెంటు వెనక్కి పంపడం) పనిచేయదు, మొత్తం బ్రేకుల మీద భారం పడుతుంది.

ఏసీ గురించి కూడా చెప్పాలి, మన ఎండలకి ఏసీ లేని లెక్క లెక్కే కాదు. మే నెలలో ఒక గంట జామ్‌లో ఇరుక్కున్నారు, బండి కదలట్లేదు, ఏసీ ఆన్. ఈవీకి ఏసీ, మిగతా ఎలక్ట్రానిక్స్ కలిపి ఒకటిన్నర యూనిట్ అటూ ఇటూ. పెట్రోల్ బండి ఇంజను ఆన్‌లోనే ఉంచాలి కాబట్టి లీటరు చుట్టుపక్కల పోతుంది, అంటే 8 యూనిట్లు. కదలకుండానే. అలాగని ఈవీకి ఏసీ ఉచితం కాదు, కిలోమీటర్ల లెక్కలో చూస్తే నెమ్మదిగా కదిలే ట్రాఫిక్‌లో దాని వాటా పెద్దగానే కనిపిస్తుంది, ఎందుకంటే మోటారు తినేది అంత తక్కువ.

హైవే మీద రెండిటికీ శత్రువు గాలి. గాలి అడ్డు స్పీడు వర్గంతో పెరుగుతుంది, 80 లో పోయేవాళ్లు 100 కి వెళ్తే ప్రతి కిలోమీటరులో గాలిని తోయడానికి అయ్యే పని 56 శాతం పెరుగుతుంది. పెట్రోల్ బండిలో ఆ పెరుగుదల కొంత కనపడదు, ఎందుకంటే లోడు పెరిగినకొద్దీ ఇంజను ఎఫిషియెన్సీ మెరుగై కొంత కప్పేస్తుంది. ఈవీలో అప్పటికే మెరుగవడానికి ఏమీ మిగల్లేదు, గాలి ఎంత అడిగితే అంతా రేంజ్‌లో నేరుగా కనిపిస్తుంది. ఊరికి వెళ్లేటప్పుడు చార్జింగ్ చాలదేమో అనిపిస్తే ఏసీ కట్టేసుకుని చెమటలు పట్టడం కంటే 100 నుంచి 80 కి దిగడం ఎక్కువ పని చేస్తుంది.

స్ట్రాంగ్ హైబ్రిడ్లు, అంటే పెట్రోల్ ఇంజనుకి తోడు మోటారు, చిన్న బ్యాటరీ ఉండి ప్లగ్గు అక్కర్లేని బళ్లు, మధ్యలో ఉంటాయి. టొయోటా హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి చెప్పే మైలేజీ లీటరుకి 27.97, రోడ్డు మీద 21 వచ్చిందనుకున్నా 100 కిలోమీటర్లకి 40 యూనిట్లలోపే. మామూలు పెట్రోల్ 64 కంటే ఎంతో నయం, ఈవీ 15 కి మాత్రం చాలా దూరం. చార్జింగ్ పెట్టుకోడానికి పార్కింగ్ లేని అపార్ట్‌మెంట్ వాళ్లకి ఇది నిజాయితీగల దారి, నాకు దీంట్లో అనుమానం లేదు.

బొగ్గు ప్రశ్న

ఈ ప్రశ్న అడిగేవాళ్లని కొట్టిపారేయకండి, అది మంచి ప్రశ్న. ఇప్పటిదాకా ప్లగ్గు దగ్గర, బంకు దగ్గర కొలిచాం, ఇప్పుడు ఇంకా వెనక్కి వెళ్దాం. కానీ వెనక్కి వెళ్తే రెండిటికీ వెళ్లాలి, ఈవీకి మాత్రం రామగుండం ప్లాంటు దాకా వెళ్లి పెట్రోల్‌కి బంకు దగ్గరే ఆగిపోతే అది లెక్క కాదు.

దేశంలో పుట్టే కరెంటులో నాలుగింట మూడొంతులకి దగ్గరగా బొగ్గుదే. బొగ్గు ప్లాంటు కూడా వేడి మిషనే, బొగ్గులోని ఎనర్జీలో సుమారు 35 శాతాన్నే కరెంటు చేస్తుంది. అక్కడి నుంచి మన ఇంటికి వచ్చేలోపు లైన్లలో 15 శాతం దాకా పోతుంది అనుకుందాం. మన 15 యూనిట్లు ప్లగ్గు దగ్గరికి రావాలంటే ప్లాంటు దగ్గర 17.6 పుట్టాలి, అది మొత్తం బొగ్గుదే అయితే 50 యూనిట్ల విలువైన బొగ్గు కాల్చాలి. పెట్రోల్ వైపు చూస్తే భూమిలోంచి తీయడం, ఓడల్లో తేవడం, రిఫైనరీ, ట్యాంకర్లు ఇవన్నీ కలిపి ఇంకో 20 శాతం వేసుకుంటే 64 కాస్తా 77 అవుతుంది. 77కి 50. నాలుగింతలు అనుకున్నది ఒకటిన్నర ఇంతలకి వచ్చింది. మొత్తం బొగ్గు కాకుండా సోలార్, జల విద్యుత్ లాంటివి కూడా ఉన్న నిజమైన మిక్స్ వేస్తే రెండింతలకి కొంచెం తక్కువ. అంటే బొగ్గు ప్రశ్న వేసినవాళ్లకి సగం పాయింటు ఉంది, తేడా బాగా తగ్గుతుంది, కానీ తిరగబడదు. సిటీ, హైవే కలిపిన ఈ లెక్కలో మొత్తం బొగ్గు కరెంటుతో నడిచినా ఈవీదే పైచేయి, ఎందుకంటే ఒక పెద్ద ప్లాంటు గంటల తరబడి నిలకడగా నడుస్తూ కాల్చేది, ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ చిన్న ఇంజను కాల్చేదాని కంటే బాగా కాలుస్తుంది.

పొగ లెక్క కూడా ఇలాగే. మన గ్రిడ్‌లో ఒక యూనిట్‌కి సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అని సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ లెక్కలు చెప్తాయి. 17.6 తో గుణిస్తే 100 కిలోమీటర్లకి 12, 13 కిలోలు. పెట్రోల్ ఒక లీటర్ కాలిస్తే 2.3 కిలోలు, ఈ20 లో పెట్రోల్ భాగం మాత్రమే చూస్తే 7.7 లీటర్లలో 6.2, అంటే 14 కిలోలు, రిఫైనరీ వగైరా కలిపితే 17 దగ్గరికి, ఇథనాల్ తయారీలో వచ్చేది ఇంకా కలపలేదు. బ్యాటరీ తయారీలో వచ్చే పొగ ఈవీకి మొదట్లోనే అప్పులా ఉంటుంది, అది ఎక్కువ తిరిగేవాళ్లకి త్వరగా తీరుతుంది, నెలకి 300 కిలోమీటర్లు తిరిగేవాళ్లకి ఏళ్లు పడుతుంది. ఇది దాచిపెట్టాల్సిన విషయం కాదు.

అందుకే ఈవీ కొన్నవాళ్లకి నా సలహా, ఎప్పుడు చార్జ్ పెడుతున్నారన్నది పట్టించుకోండి. మధ్యాహ్నం గ్రిడ్‌లో సోలార్ బాగా ఉంటుంది, కర్నూలు దగ్గరున్న 1000 మెగావాట్ల సోలార్ పార్కు లాంటివి అప్పుడే పూర్తి బలంతో నడుస్తాయి, రాత్రి 9 తర్వాత ఎక్కువ భారం మోసేది బొగ్గే. ఆఫీసులో పార్కింగ్ దగ్గర చార్జర్ ఉంటే పగలే పెట్టండి. ఇంటి మీద సోలార్ ఉంటే ఇంకా మంచిది, మన దగ్గర ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకి సగటున 4 యూనిట్లు ఇస్తాయి, నెలకి 1000 కిలోమీటర్లు తిరిగే బండికి 150 యూనిట్లు కావాలి, అంటే కిలోవాటున్నర లోపు సరిపోతుంది. ఇంటి మీద సోలార్‌కి కేంద్రం సాయం చేసే పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, ఇంటికి పోగా బండికి కూడా మిగులుతుంది.

బయటి దేశాల్లో ఉన్నవాళ్లకి

అమెరికాలో కార్ల స్టిక్కర్ మీద 100 మైళ్లకి ఎన్ని కిలోవాట్ అవర్లు అని ఉంటుంది, అందులో చార్జింగ్ నష్టం కలిపే ఉంటుంది కాబట్టి మళ్లీ కలపకండి. 28 అని ఉంటే 1.609 తో భాగించండి, 100 కిలోమీటర్లకి 17.4. యూరప్‌లో చెప్పే వాడకం నంబర్లో కూడా ఆ నష్టం కలిసే ఉంటుంది. చలి ప్రాంతాల్లో ఉన్నవాళ్లు మాత్రం వింటర్ లెక్క వేరే తీస్కోండి. పెట్రోల్ ఇంజను ఎలాగూ పారేసే వేడితోనే కారు లోపల వెచ్చగా ఉంటుంది, ఈవీ ఆ వేడిని బ్యాటరీ నుంచి పుట్టించాలి. 2019 లో ట్రిపుల్ ఏ అనే అమెరికా వాహనదారుల సంస్థ టెస్టు చేస్తే మైనస్ 7 డిగ్రీల్లో హీటర్ వేస్తే రేంజ్ సగటున 41 శాతం పడిపోయింది, 35 డిగ్రీల ఎండలో ఏసీ వేస్తే 17 శాతం. మిన్నెసోటాలో ఉండే అన్నయ్య చెప్పే కష్టం నెల్లూరులో ఉండే మీకు వర్తించదు. హీట్ పంప్ (ఏసీని తిరగేసినట్టు బయటి గాలిలోని వేడిని లోపలికి తెచ్చేది) ఉన్న మోడల్ అయితే చలిలో దెబ్బ తగ్గుతుంది, కొనేముందు అది ఉందో లేదో అడగండి.

ఆఖరికి డబ్బులు

ఎనర్జీ లెక్క తేలింది కాబట్టి ఇది నిమిషం పని. 7.7 లీటర్లు, లీటర్ 107 వేసుకుంటే 820 రూపాయలు. ఈవీ 15 యూనిట్లు ఇంట్లో యూనిట్ 10 వేసుకున్నా 150. బయట ఫాస్ట్ చార్జర్ దగ్గర యూనిట్ 20 చుట్టూ ఉంటుంది, అక్కడ 300 దాకా. ఎప్పుడూ బయటే చార్జ్ పెట్టేవాళ్లు ఇంట్లో పెట్టేవాళ్ల లెక్క చూసి ఆశ పడకూడదు.

ఇంటి యూనిట్‌కి 10 ఎందుకు వేశానంటే, చాలామంది బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి ఆరో ఏడో అని వేస్తారు. బండికి వాడే 150 యూనిట్లు ఇంటి వాడకం మీద అదనంగా వచ్చి పడతాయి, అవి పడేది పై స్లాబులో, వాడకం ఎక్కువున్న ఇళ్లలో అక్కడ యూనిట్ 9, ఆ పైన కూడా ఉంటుంది. పోయిన ఏడాది మే బిల్లు తీసి చూడండి, ఆ నెలలో ఏసీలతో మీరు ఏ స్లాబులో ఉన్నారో దాని రేటే మీ బండి రేటు. అది మరీ ఎక్కువగా ఉంటే మీ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఆఫీసుకి వెళ్లి ఈవీ చార్జింగ్ కేటగిరీలో వేరే మీటర్ ఇస్తారా, దానికి నెలవారీ ఫిక్స్‌డ్ చార్జి ఎంత అని అడగండి, 150 యూనిట్ల మీద మిగిలేది ఆ ఫిక్స్‌డ్ చార్జి కంటే ఎక్కువైతేనే అప్లై చేయండి.